గాలిలో గురులఘువులు

రాయలసీమకు కరవు కొత్త కాదు. వానకొరకు ఆకాశమువైపు చూచుట ఇచటి బిడ్డలు నడక నేర్వకమునుపే నేర్తురన్నను అతిశయోక్తి కానేరదు. అట్టి సీమకు నీటివలన ఆపద కలుగుననిన నవ్వువారు 2009వ సంవత్సరమునకు పూర్వము పలువురుండిరి. ఆ యేట వానకారు చాలవరకు ఎండలతోనే గడచినది. పైరులు మాడినవి. సెప్టెంబరు నెల తుదిదినములలో మేఘములు ఒక్కసారిగా విరుచుకొనిపడెను. అక్టోబరు 2వ తేదీన తుంగభద్రయు, దానితో ఊరిచెంత కలియు హంద్రియు పొంగి కర్నూలు పాతపట్టణమును ముంచివేసినవి. ఎగువన మంత్రాలయము జలమయమయ్యెను. దిగువన శ్రీశైలము జలాశయమునకు సెకనునకు 25 లక్షల ఘనపుటడుగుల నీరు వచ్చి చేరెను. ఆనకట్ట కట్టిన ఇంజనీర్లు ఊహించుకొన్న వరదకన్న అది ఎంతయో అధికము.

పండ్రెండేండ్లు గడచినవి. 2021వ సంవత్సరము నవంబరు 19వ తేదీన వేకువజామున, అప్పటి కడప జిల్లాలోని రాజంపేట ప్రాంతమున, చెయ్యేటిపై గల అన్నమయ్య జలాశయపు మట్టికట్ట తెగిపోయెను. పులపత్తూరు, మందపల్లి మొదలగు గ్రామములపై నీరు వచ్చిపడెను. అనేకులు ప్రాణములు కోల్పోయిరి. ఇసుకలో పూడిన ఇండ్లను, పొలములను చూచినవారు ఆ దృశ్యమును మరువలేరు.

వరదరాత్రి మనుష్యునకు కొరతపడునవి అన్నము, వెలుతురు, పడవ. ఇవి అందరికిని తోచును. తోచనిది మరియొకటి కలదు. అది మాట. ఎగువ ఊరిలో నీరు ఎంత వచ్చినదో దిగువ ఊరికి తెలుపు మాట. ఏ మిద్దెపై ఎందరు చిక్కుకొనిరో పడవవానికి తెలుపు మాట. నేడు ప్రతివాని జేబులోను సెల్‌ఫోను ఉన్నది గదా, మాటకు కొరత యేమని మీరడుగవచ్చును. విద్యార్థులారా, మీ చేతిలోని ఫోను ప్రక్కవీథిలోని మిత్రుని ఫోనుతో నేరుగా మాటలాడదు. అది మొదట టవరుతో మాటలాడును. టవరు ఎక్కడనో ఉన్న యంత్రశాలతో మాటలాడును. ఆ యంత్రశాల తిరిగి మరియొక టవరును వెదకును. ఈ త్రోవలో కరెంటు పోయి టవరు బ్యాటరీ ఉడిగినను, భూమిలోని తీగ వరదకు కోసికొనిపోయినను, మీ ఫోను చేతి గడియారముకన్న అధికముగా ఉపయోగపడదు.

రేడియో సెట్లు రెండున్నచో నడుమ మూడవది అక్కరలేదు. ఒకటి పలుకును, రెండవది వినును. ఈ విద్యను జీతమునకు గాక, లాభమునకు గాక, కేవలము అభిరుచితో అభ్యసించువారిని అమెచ్యూరు రేడియోవారనియు, వాడుకలో హ్యాములనియు అందురు. ఆకాశవాణిని మనము వినుటయేగాని దానితో మాటలాడుట లేదు. హ్యాము వినును, మాటలాడును, తన యంత్రమును తానే విప్పి బాగుచేసికొనును. మన దేశమున ఈ విద్య 1920 ప్రాంతమునుండియు కలదు. ప్రధానమంత్రిగా నుండిన రాజీవ్ గాంధీ కూడ లైసెన్సు పొందిన హ్యామే.

మన తెలుగునాట దీనికి ఆటపట్టు హైదరాబాదు. అచట 1983లో జాతీయ అమెచ్యూరు రేడియో సంస్థ వెలసెను. ఎస్. సూరి గారు దాని స్థాపకులు. ఆ సంస్థవారు 2004వ సంవత్సరము డిసెంబరు నెలలో అండమాను దీవులకు వెళ్లి, పోర్ట్ బ్లెయిరునుండి లోకమునందలి హ్యాములతో మాటలాడుచుండిరి. నాయకురాలు భారతీప్రసాద్ గారు. వారి కేంద్రమునకు వి.యు. 4 ఆర్.బి.ఐ. అని పిలుపుపేరు. అరుదైన దీవులనుండి పలుకువారితో ఒక్కమాట కలుపవలెనని హ్యాములకు మిక్కిలి కుతూహలము. ఆ యాత్రోద్దేశము అదియే. 26వ తేదీ ఉదయమున భూమి కంపించెను. సునామీ వచ్చిపడెను. దీవులకును ప్రధానభూమికిని మాటల త్రోవలు తెగిపోయినవి. అంతవరకు వినోదముగా నడచిన కేంద్రము ఆ క్షణమునుండియే క్షేమవార్తల కేంద్రమైనది. కార్ నికోబారు దీవిలోను మరియొక కేంద్రమును నెలకొల్పిరి. బ్రదికియున్నామని తమవారికి తెలుపగోరినవారి సందేశములు, సహాయాధికారుల సందేశములు ఆ సెట్లమీదుగా నడచినవి. అవి దూరదేశములకు పోగల షార్ట్‌వేవు సెట్లు. ఈ సంగతి గుర్తుంచుకొనుడు. మున్ముందు దీనితో పనియున్నది.

ఇపుడు ఈ పాఠమునకు ముఖ్యమైన విషయమునకు వచ్చెదను. ఇటీవలి కాలమున చేతిలో పట్టుకొని తిరుగదగిన చిన్న సెట్లలో డిజిటల్ వాయిస్ అను కొత్త పద్ధతి వచ్చినది. పాత పద్ధతిలో మన కంఠధ్వని ఎట్లు ఎగసిపడునో, రేడియో తరంగమును అట్లే ఊగిసలాడును. కొత్త పద్ధతిలో కంఠధ్వనిని మొదట అంకెలుగా మార్చి, ఆ అంకెలనే పంపుదురు. అంకెలనగా రెండే: సున్న, ఒకటి. రెండు గుర్తులతో మాటయంతయు ఎట్లు వ్రాయగలరని శంకింపకుడు. మీరు ఛందస్సు చదివినవారే. గురువు, లఘువు అను రెండు గుర్తులతో ఎంత దీర్ఘమైన పద్యపు నడకనైనను మనము వ్రాయుచున్నాము గదా!

ఈ పోలిక కేవలము అలంకారము కాదు. డి.యం.ఆర్. అను పద్ధతిలో సెట్టు రెండేసి గుర్తులను ఒక జతగా తీసికొనును. రెండు గుర్తుల జతలు ఎన్ని విధములు? గగ, గల, లగ, లల. నాలుగే. ఛందస్సులోని రెండక్షరముల గణములును ఈ నాలుగే. సెట్టు ఈ నాలుగు జతలకు నాలుగు స్థాయిలు ఏర్పరచుకొని, తరంగపు పౌనఃపున్యమును ఆయా స్థాయికి కొంచెము పైకి గాని క్రిందికి గాని జరుపును. ఇట్లు సెకనునకు 4,800 జతలు గాలిలో పోవును. అవతలి సెట్టు ఆ స్థాయిలను చూచి గణవిభజన చేసికొని మరల కంఠధ్వనిగా మార్చును. ముప్పది సంవత్సరములు గణవిభజన నేర్పినవానికి ఈ సంగతి తెలిసినపుడు కలిగిన సంతోషము ఇంతింతయని చెప్పరానిది.

అయితే కంఠధ్వనిని ఉన్నదున్నట్లు అంకెలలో వ్రాసినచో అంకెలు మితిమీరును. టెలిఫోనువారి పద్ధతిలో ధ్వనిని సెకనునకు 8,000 సార్లు కొలిచి, ప్రతి కొలతకు 8 గుర్తులు వ్రాయుదురు. అనగా సెకనునకు 64,000 గుర్తులు. చిన్న సెట్టు ఇంత బరువు మోయలేదు. కావున అందులో వోకోడరు అను భాగమునుంచిరి. ఇది ధ్వనిని వ్రాయదు. ధ్వని యొక్క లక్షణములను వ్రాయును. స్థాయి యెంత, బలమెంత, ఇది నాదముతో కూడిన పలుకా, ఊపిరితో మాత్రమే పలికిన పలుకా, ఇట్టివి. పరుషములు, సరళములు అను భేదమును మన వ్యాకర్తలు ఎన్నడో గుర్తించిన త్రోవయే ఇది. సెకనులో 50వ వంతునకు ఒకమారు ఈ లక్షణములను 49 గుర్తులలో ఇమిడ్చి పంపును. లెక్కించిన సెకనునకు 2,450 గుర్తులు. 64,000 ఎక్కడ, 2,450 ఎక్కడ!

మనుష్యుని గొంతుకొరకు చేసిన యంత్రమగుటచే అది ఇతరధ్వనులను అర్థము చేసికొనలేదు. బోరుమోటారు ప్రక్కన నిలిచి మాటలాడినచో, ఆ మోతను గూడ గొంతేయని భ్రమించి, రెంటిని కలిపి వింతకూతగా మార్చును. నోటికి సెట్టును మరీ దగ్గరగా పట్టి అరచినను అంతే. మెల్లగా, నిలుకడగా, రెండు మూడంగుళముల దూరమునుండి పలుకవలెను.

ఆ 49 గుర్తులకు తోడుగా మరి 23 గుర్తులు వెళ్లును. ఇవి ఏ క్రొత్త సంగతిని తెలుపవు. మరి ఎందులకు? దీనిని గ్రహించుటకు మనము రెండువందల యేండ్లు వెనుకకు, కడప పట్టణమునకు పోవలెను.

1820లో చార్లెస్ ఫిలిప్ బ్రౌను దొర కడపకు ఉద్యోగిగా వచ్చెను. తెలుగుపై మక్కువతో అచట ఒక బంగళాను తోటతో కూడ కొని, పండితులకు తన సొంత సొమ్మునుండి జీతములిచ్చి, తాళపత్రములను తెప్పించి, ప్రతులను సరిచూపించెను. ఆ ఆకులలో కొన్ని పురుగులు తిన్నవి, కొన్ని విరిగినవి. అక్షరము లేనిచోట పండితుడు ఏమి చేయును? ఒక వృత్తపద్యమున మూడవ పాదములోని రెండవ అక్షరము పోయినదనుకొనుడు. తక్కిన మూడు పాదములలో రెండవ అక్షరమేదో చూచిన ప్రాస తెలియును. పోయిన హల్లు దొరకును. ఉత్పలమాలలో మొదటి అక్షరము పోయినచో పదియవ అక్షరమును చూచి యతిబట్టి ఊహింపవచ్చును. ఈ విధముగా యతిప్రాసలు చెవికి ఇంపు గూర్చుటయేగాక, లేఖకుని తప్పును, పురుగు కాటును సరిదిద్దు సాధనములుగా గూడ పనిచేసినవి.

ఆ 23 గుర్తులు చేయు పని ఇదియే. గాలిలో ఉరుములవలన గాని, మోటారు బండ్లవలన గాని ఒకటి రెండు గుర్తులు చెడినచో, వీనిని బట్టి అవతలి సెట్టు చెడినవానిని కనుగొని దిద్దుకొనును. ఇంకొక విశేషము. పద్యములో యతిస్థానమునకు, ప్రాసస్థానమునకు కాపుదల కలదు. తక్కిన అక్షరములకు అంత కాపుదల లేదు. ఇచటను అట్లే. గొంతు స్థాయిని, బలమును తెలుపు ముఖ్యమైన 24 గుర్తులకే ఈ 23 గుర్తులును కావలి కాయును. మిగిలిన 25 గుర్తులు కావలి లేకయే పోవును.

పండితుని నేర్పునకును హద్దు కలదు. ఆకులో నాలుగక్షరములు పోయిన పూరించును. సగము ఆకు పోయిన ఏమి చేయును? డిజిటల్ సెట్టునకు గల పెద్ద లోపము ఇచటనే యున్నది. పాత సెట్టులో దూరము పెరిగినకొలది గరగరధ్వని పెరుగును. మాట మెల్లమెల్లగా మునుగును. వినువానికి ముందుగనే హెచ్చరిక అందును. చెవి నిక్కించిన నాలుగు మాటలలో రెండు చిక్కును. డిజిటల్ సెట్టులో తప్పులను దిద్దగలిగినంతవరకు మాట ప్రక్కగదిలోనుండి వచ్చినట్లే యుండును. ఆ హద్దు దాటినంతనే కొన్ని వింతకూతలు, పిమ్మట నిశ్శబ్దము. గండికోటలో పెన్న ఒడ్డున కొండ అంచుదాక నేల చదునుగనే యుండి, ఒక్క అడుగు ముందునకు వేసిన పాతాళము కనబడునట్లు. క్రొత్తగా ఈ సెట్లు కొన్నవారు, ‘ఎంత స్పష్టముగా వినబడుచున్నదో చూడుడు’ అని మురియుచుందురు. స్పష్టత మంచిదే. కాని అంచు ఎక్కడనున్నదో స్పష్టత చెప్పదు.

అంచు ఎచటనుండునో తెలిసికొనుటకు భూగోళము కొంత కావలెను. చేతిసెట్టు తరంగములు దాదాపు చూపు పోవునంతదూరమే పోవును. మనుష్యుని చేతియెత్తున, అనగా నేలకు ఒకటిన్నర మీటరు ఎత్తున పట్టిన సెట్టునకు రేడియో దిగంతము సుమారు 5 కిలోమీటర్లు. ఇరువురును చదునునేలపై నిలిచినచో 10 కిలోమీటర్ల లోపలనే మాట. అదియు చెట్లు, ఇండ్లు అడ్డములేనపుడు. ఒకడు 100 మీటర్ల ఎత్తుగల గుట్టనెక్కినచో వాని దిగంతము 40 కిలోమీటర్లు దాటును. కోవెలకుంట్ల నల్లరేగడి మైదానమున మాట సాగినట్లు అహోబిలపు కొండసందులలో సాగదు. నల్లమల, ఎఱ్ఱమల, పాలకొండలు, శేషాచలము మన జిల్లాలకు శోభ. రేడియోకు అవి గోడలు. అయినను గోడపైకి ఎక్కినవానికి రెండు ప్రక్కలును కనబడును. కొండపై రిపీటరు అను యంత్రమునుంచినచో అది క్రిందివాని మాటను ఒక పౌనఃపున్యముపై విని, మరియొక పౌనఃపున్యముపై తిరిగి పలుకును.

డి.యం.ఆర్. రిపీటరు ఒక్కటియే రెండు సంభాషణలను నడపగలదు. పూర్వము మన పెద్దబావులపై రెండు కపిలలు ఒకటి మునుగునపుడు ఒకటి పైకి వచ్చునట్లు, సెకనులో 1,000 భాగములు చేసినచో 30 భాగముల కాలము మొదటి జంటకు, తరువాతి 30 భాగముల కాలము రెండవ జంటకు వంతులు వేయును. వినువారి చెవికి ఈ వంతులు తెలియవు. మాటలాడు సెట్టు సగము కాలమే తరంగమును పంపుటచే బ్యాటరీ కూడ మిగులును. వరదదినములలో ఇది చిన్న మేలు కాదు.

డిజిటల్ పద్ధతులు పలు తెగలు. జపానుదేశపు అమెచ్యూరు రేడియో సంఘమువారు రూపొందించినది డీ-స్టార్. ఐరోపావారి ప్రమాణముగా 2005లో వెలువడినది డి.యం.ఆర్. జపానులోని యేసు కంపెనీ 2013లో తెచ్చినది సిస్టం ఫ్యూజన్. చివరి రెండును నాలుగు స్థాయిల పద్ధతియే. అయినను ఒకదాని మాట మరియొకదానికి అర్థము కాదు. తెలుగులిపియు కన్నడలిపియు చూపునకు అప్పచెల్లెండ్రవలె నున్నను, ఒకటి నేర్చినవాడు రెండవదానిని గడగడ చదువలేడు గదా. కావున సెట్టు కొనుటకు ముందు, తన చుట్టుపట్లనున్న హ్యాములు ఏ తెగవారో విచారింపవలెను. దుకాణపువాని మాట వినరాదు. పాత పద్ధతి, కొత్త పద్ధతి రెండును గల సెట్టు ఉత్తమము.

సెట్టు కొనుట మాట అటుంచి, మొట్టమొదట కావలసినది లైసెన్సు. హ్యాము సెట్టును అనుమతి లేక ఉంచుకొనుటయే చట్టవిరుద్ధము. భారతప్రభుత్వపు సమాచార మంత్రిత్వశాఖవారు పరీక్ష పెట్టుదురు. ప్రశ్నలు రెండు విధములు: విద్యుత్తు, రేడియో సిద్ధాంతము ఒకటి, నియమములు, మర్యాదలు ఒకటి. నిబంధనలలో పండ్రెండేండ్ల బాలబాలికలకును అర్హత కల్పించిరి. ఎనిమిదవ తరగతి పిల్లలకు విద్యుత్తు పాఠమును శ్రద్ధగా చెప్పు ఉపాధ్యాయుడు దొరికినచో సగము పరీక్ష అయినట్లే. లైసెన్సుతో వచ్చు పిలుపుపేరు వి.యు. అను అక్షరములతో మొదలగును. అది లోకమున మరియొకరికి ఉండదు. మన హ్యాములు చేతిసెట్లతో ఎక్కువగా మాటలాడు తావు 144 మొదలు 146 మెగాహెర్ట్జులవరకు. డి.యం.ఆర్. వాడువారికి పిలుపుపేరునకు తోడు ఏడంకెల గుర్తు సంఖ్య కూడ కావలెను; మన దేశపువారిది 404తో ఆరంభమగును. ఈ సంఖ్య సెట్టులో వ్రాసికొననిచో రిపీటరు మనలను పలుకరింపదు. పౌనఃపున్యము, వర్ణసంకేతమను 0 నుండి 15 వరకు గల అంకె, రెండు వంతులలో ఏ వంతు, ఏ గుంపు, ఈ నాలుగును తోడుగా సరిపోవలెను. నాలుగింటిలో ఒకటి తప్పినను సెట్టు దీపము వెలుగును, కాని ఎవ్వరును వినరు. ఆరంభకులు విసుగుచెందునది ఇచటనే.

రిపీటర్లను ఇంటర్నెట్టుతో ముడివేసి దూరదేశములవారితో మాటలాడు ఏర్పాట్లు కూడ లోకమున కలవు. మన లైసెన్సు నిబంధనలు ఎంతవరకు సమ్మతించునో తెలిసికొనియే వానిని వాడవలెను. అమెరికాలో స్థిరపడిన తెలుగువానితో చేతిసెట్టుపై మాటలాడుట ఆనందమే. కాని ఆ మాట సముద్రము దాటునది తీగలమీద. సెల్‌ఫోనును మూగచేసిన వరదయే ఆ త్రోవను కూడ త్రెంపును. అండమానులో పనిచేసినవి షార్ట్‌వేవు సెట్లని ఇందుకే గుర్తుంచుకొనుమంటిని. చేతిసెట్టు ఊరికిని ప్రక్కయూరికిని. జిల్లాలు, సముద్రములు దాటుటకు షార్ట్‌వేవు. డిజిటల్ అను పేరు చూచి, ఒకదానితో రెండు పనులు కాగలవని నమ్మరాదు. రిపీటరు కూడ కూలినపుడు సెట్టునుండి సెట్టునకు నేరుగా మాటలాడుటయే మిగులును. ఆరంభకుడు మొదట అభ్యసింపవలసినది అదియే యని నా అభిప్రాయము. చాలమంది దానిని చివరకు నేర్తురు. కొందరు నేర్వనే నేర్వరు.

మీట నొక్కి ఒక సెకను ఆగి పలుకవలెను. రిపీటరుతో సెట్టు మాట కలుపుకొనుటకు ఆ కొంచెము కాలము పట్టును. తొందరపడినవాని మొదటి అక్షరములు గాలిలో కలిసిపోవును. ఇది చిన్న విషయము కాదు. ‘ఎనిమిది’ అన్నపుడు ‘ఎని’ పోయినను, ‘తొమ్మిది’ అన్నపుడు ‘తొమ్’ పోయినను మిగులునది ‘మిది’యే. మిద్దెపైనున్నవారు ఎనమండుగురా, తొమ్మండుగురా? ఎనమండుగురనుకొని పడవ తిరిగిపోయినచో మిగిలినవాని గతి యేమి? కావున అంకెను రెండుమార్లు చెప్పవలెను. ‘అరువది’ అనుటకన్న ‘ఆరు, సున్న’ అనుట మేలు. విన్నవాడు తాను విన్నదానిని తిరిగి పలికి ‘ఇదియేనా?’ అని అడుగవలెను. ఊరి పేరుతో మండలమును గూడ చెప్పవలెను. మన జిల్లాలలో కొత్తపల్లెలు ఒకటి రెండు కావు. పలుకుటకు ముందు వేరొకరు పలుకుచున్నారేమో వినవలెను. ఒకరి మాటకును మరియొకరి మాటకును నడుమ కొంత విరామమీయవలెను. ఆ విరామములోనే ఆపదలోనున్నవాడు చొరబడి పిలువగలుగును. రహస్యలిపితో మాటలాడుట హ్యాములకు తగదు; వారి మాట ఎవరైనను వినదగిన మాట.

లైసెన్సు వచ్చిన పిమ్మట చేయదగిన మొదటి అభ్యాసమును చెప్పెదను. మీ గ్రామపు పటమును ఒక దొడ్డకాగితముపై గీయుడు. వాగు, చెరువు, గుడి, బడి, మిట్ట, పల్లము గుర్తింపుడు. లైసెన్సు గల ఇరువురిలో ఒకరు బడి మేడపై నిలువవలెను. రెండవవారు సెట్టుతో ఊరు దాటి నడువవలెను. నూరు అడుగులకొకమారు పిలువవలెను. మొదట డిజిటల్‌తో, పిమ్మట పాత పద్ధతితో. రెండును వినబడినచోట పచ్చచుక్క, పాతది మాత్రమే గరగరమనుచు వినబడినచోట పసుపుచుక్క, ఏదియు వినబడనిచోట ఎఱ్ఱచుక్క పెట్టుడు. వాగు ఒడ్డున, గుట్ట వెనుక ఎఱ్ఱచుక్కలు ఎక్కువ పడును. ఎఱ్ఱచుక్క పడినచోటనుండి పదియడుగులు మిట్టకెక్కి మరల పిలిచి చూడుడు. కొన్నిచోట్ల అది పచ్చచుక్కగా మారును. ఆ మిట్ట పేరు పటముపై వ్రాసి, ఒక ప్రతిని బడిలోను, ఒక ప్రతిని పంచాయతీ కార్యాలయములోను గోడకు తగిలింపుడు. వానకారు రాకమునుపే ఈ పని ముగియవలెను.